పావుగంట పెద్దది

వాళ్లిద్దరూ కవలలు. పెద్దామె పావుగంట ముందు పుట్టింది. ఆ పావుగంటను అడ్డం పెట్టుకుని యాభై రెండేళ్లుగా చెల్లెలి మీద పెత్తనం చేస్తోంది.

ముఖాలు ఒకటే, గొంతులు ఒకటే, కోపం వచ్చినప్పుడు ముక్కు కొస ఎర్రబడే తీరు కూడా ఒకటే. ఒళ్లు మాత్రం వేరు. అక్క అంబులెన్సు కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు తీసే ఉద్యోగి. హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుందంటే షిఫ్టు అయ్యేదాకా లేచే పనుండదు. ఒక కాల్‌కీ ఇంకో కాల్‌కీ మధ్య చేతికి దొరికింది నోట్లో వేసుకోవడం, షిఫ్టులు మారుతుంటే నిద్ర పట్టక పక్క మీద దొర్లడం ఆమెకు మామూలైపోయింది. చెల్లెలు ఊరి పెద్ద ఈతకొలనులో కోచ్. నీళ్లంటే ఏడ్చే పిల్లల్ని ఎంతమందిని చేపల్ని చేసిందో లెక్కలేదు. ఎండకు కమిలిన భుజాలు, ఎక్కడా పిడికెడు కొవ్వు లేని నడుము, మెట్లెక్కితే రెండేసి మెట్లకు ఒక అంగ.

“ఇద్దర్నీ ఒకే అచ్చులో పోశారు. ఒకదాన్ని ఎండలో ఆరబెట్టి, ఇంకోదాన్ని నీడలో మర్చిపోయారు,” అనేవాడు అక్క భర్త. ఆయన తాళాలు బాగుచేస్తాడు. మాట కూడా తాళం ఊడినట్టు టక్కున అంటాడు.

కాబట్టి ఇంటిల్లిపాదికీ బెంగంతా అక్క గురించే. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆమెకు ఆయాసం వచ్చేది. ఎప్పుడో ఆఫీసులో పెట్టిన వైద్య శిబిరంలో బీపీ కాస్త ఎక్కువుందని చెప్పారు. “కాస్తే కదా,” అని ఊరుకుంది. చెల్లెలు ఆమె నడుం గిల్లి, “ముందు పుట్టావని ముందు పోదామనుకుంటున్నావా ఏంటే?” అని ఆటపట్టించేది. తను మాత్రం ఎప్పుడూ ఏ పరీక్షా చేయించుకోలేదు. ఎందుకు చేయించుకోవాలి? రోజూ ఈత కొట్టే మనిషి.

ఆ మధ్యాహ్నం అక్క లైన్లో ఒక ముసలాయన ఉన్నాడు. మెట్ల మీద జారిపడ్డాడు, లేవలేకపోతున్నాడు, ఇంట్లో ఎవరూ లేరు. బండి పంపించింది. అది చేరేదాకా ఆయన్ని మాటల్లో పెడుతోంది. పక్క సీటు అమ్మాయి గదిలో అందరికంటే వేగంగా మాట్లాడుతుంది, అందుకే ఆమెకు చిలక అని పేరు. ఫోన్లో చెప్పిన చిరునామాను పైకి మళ్లీ చదివి రూఢి చేసుకోవడం ఆమె పద్ధతి.

“ఈతకొలను, వెనక గేటు. అవునండీ, వెనక గేటే. ఆవిడ స్పృహలో ఉన్నారా? చెమటలు పడుతున్నాయా? దవడ లాగుతోందా? నడిపించకండి, ఉన్నచోటే కూర్చోబెట్టండి. ఎవరు, కోచ్‌గారా?”

అక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“అమ్మా, ఉన్నావా?” చెవిలో ముసలాయన.

“ఉన్నాను బాబాయ్‌గారూ. మీరు కాలు కదపకండి.”

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. ఎడంచేత్తో చిలక చొక్కా అంచు పట్టుకుంది. చిలక మాట్లాడుతూనే ఇటు తిరిగింది, ఆమె ముఖం చూసింది, కొలను దగ్గర చూసిన కోచ్ ముఖమూ ఇదేనని గుర్తుకొచ్చి ఒక్క క్షణం మాట తడబడింది. మళ్లీ అందుకుంది. “బండి బయల్దేరిందండీ. ఆవిడ పక్కనే ఉండండి, ఫోను పెట్టెయ్యొద్దు.”

ముసలాయన దగ్గరకు బండి చేరేదాకా అక్క లేవలేదు. ఆయన తన కొడుకుల గురించి చెబుతుంటే ఊకొట్టింది. తలుపు చప్పుడు, బండి వాళ్ల గొంతులు వినపడ్డాక హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి పరిగెత్తింది. ఎన్నేళ్లుగానో పరిగెత్తని కాళ్లు. వీధి మలుపు తిరిగేసరికి ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడింది. ఇప్పుడు తను కూడా పడిపోతే ఇంక సరేసరి అని తనను తనే తిట్టుకుంది.

ఆస్పత్రిలో చెల్లెలికి మూసుకుపోయిన రక్తనాళం తెరిచి, మళ్లీ పూడకుండా స్టెంట్ పెట్టారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు. వరండాలో అక్క ఈ చివర్నించి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. చెల్లెలి కూతురు బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, భవనాల నమూనాలు చేసే చోట ఉద్యోగం. చెల్లెలి భర్త వదిలి వెళ్లిపోయాక ఆమెకు ఇంట్లో ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.

“వారం నుంచీ దవడ నొప్పి అంటోంది పెద్దమ్మా. జ్ఞానదంతం అనుకుంది. నొప్పి మాత్ర వేసుకుని కొలనుకి వెళ్లేది.”

డాక్టరు వచ్చింది. వాళ్ల కంటే చాలా చిన్నది, జుట్టు ముడిలో పెన్ను దోపుకుని ఉంది.

“రోజూ ఈత కొట్టే మనిషండీ,” అంది అక్క. అదేదో డాక్టరు పొరపాటన్నట్టు అంది. “దానికెలా వస్తుంది?”

“ఈత వల్లే ఇప్పుడు ఇలా బయటపడ్డారు. కానీ ఈత ఒక్కటే అన్నీ చూసుకోదు కదా. ఆవిడకి కొలెస్ట్రాల్ చాలా ఎక్కువుంది. తిండి వల్ల వచ్చినంత కాదు, పుట్టుకతో వచ్చినట్టుంది. మీ నాన్నగారు?”

“నలభై తొమ్మిదికే పోయారు. నిద్రలోనే. సిగరెట్లు బాగా కాల్చేవారు, అందువల్లే అనుకున్నాం.”

“అదీ ఒక కారణం అయ్యుంటుంది. ఈవిడకి బీపీ కూడా ఉంది. ఎన్నేళ్ల నుంచి ఉందో, ఎప్పుడూ చూపించుకోలేదట. దానికి తోడు సిగరెట్లు.”

“మా చెల్లి సిగరెట్లు కాల్చదండీ.”

బెంచీ మీద పిల్ల మోకాళ్ల మధ్య ముఖం దాచుకుంది.

“పంపు గది వెనక,” అంది అలాగే. “రోజుకి రెండో మూడో. నీకు చెప్పొద్దంది పెద్దమ్మా.”

అక్కకు ఒక్కసారిగా చెవులు వేడెక్కాయి. యాభై రెండేళ్లలో చెల్లెలికి తెలియకుండా తను దాచుకున్నవి ఉన్నట్టే, తనకు తెలియకుండా చెల్లెలు దాచుకున్నవి కూడా ఉంటాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

డాక్టరు ఆమె ముఖం వైపే చూస్తోంది. “మీరిద్దరూ కవలలు కదూ. అయితే మీ రక్తం కూడా చూడాలి.”

చూశారు. చక్కెర వ్యాధి గడప దాకా వచ్చి నిలబడింది. బీపీ కొంచెం ఎక్కువ. బరువు ఉండాల్సినదానికంటే ఎక్కువ, నిద్ర తక్కువ. కొలెస్ట్రాల్ మాత్రం కొంచెం కాదు, అచ్చం చెల్లెలి లాగే.

“మిగతావన్నీ కొంచెం కొంచెమే కదండీ,” అంది అక్క.

“అన్నీ కొంచెమే. ఏదో ఒక్కటే అయితే నేనూ ఇంత గట్టిగా చెప్పను. కానీ అవన్నీ కలిసి ఒకే ఇంట్లో కాపురం పెట్టాయి. ఒకటి చేసే పాడుకి ఇంకొకటి అండ. అందుకని వాటిలో ఒక్కదాన్ని పట్టుకుని మెడ విరిచేస్తే సరిపోదు. అన్నింటినీ ఒకేసారి తలా కొంచెం కిందికి దించాలి. ఈ రెండు మాత్రలు, రోజూ నడక, తిండి, నిద్ర. ఏదీ వీరోచితంగా చెయ్యక్కర్లేదు. ఏదీ వదలకూడదు, అంతే.”

అక్క తలూపింది. కానీ ఆమె కుదురుగా ఉండగలిగే మనిషి కాదు. ఇరవై ఏళ్లుగా ఆమె పని ఒక కాల్ తీయడం, దాని సంగతి తేల్చెయ్యడం, తర్వాతది అందుకోవడం. గుండె విషయంలోనూ అదే చేసింది. ఒక్కోదాన్నే పట్టుకుంది.

మొదట ఉప్పు మీద పడింది. వంటింట్లో ఉప్పు డబ్బా మాయమైంది. ఆమె భర్త రెండు రోజులు నోరెత్తకుండా తిన్నాడు. మూడోరోజు నుంచి జేబులో ఉప్పు పొట్లం పెట్టుకుని భోజనానికి కూర్చున్నాడు. అది ఆమె కంటపడి ఇంట్లో రభస జరిగింది. తర్వాత ఉప్పు పాతబడిపోయి మెట్లు వచ్చాయి. లిఫ్టు ఎక్కనని ఒట్టు పెట్టుకుని కంట్రోల్ రూమ్ ఉన్న అంతస్తుకు ఒక్క బిగిన ఎక్కబోయి, సగంలో కళ్లు బైర్లు కమ్మి మెట్ల మీద కూలబడింది. చిలక వచ్చి నీళ్లిచ్చి, “అక్కా, మన బండి మన ఆఫీసుకే పంపాల్సొచ్చేది,” అంది. ఆ తర్వాత బీపీ మిషన్ కొంది. లేచాక ఒకసారి, తిన్నాక ఒకసారి, ఎవరితోనైనా గొడవపడ్డాక ఒకసారి. చూసినకొద్దీ అంకె పెరిగేది, అంకె పెరిగినకొద్దీ మళ్లీ చూసేది. చివరికి మిషన్ కనిపించలేదు. ఆమె భర్త దాన్ని తన తాళాల కొట్టుకు పట్టుకెళ్లి పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

“తాళం చెవి ఇవ్వండి.”

“ఊళ్లో ఎవరి తాళమైనా తీస్తాను. ఇది మాత్రం తియ్యను. వారానికి రెండుసార్లు నేనే తెచ్చి చూస్తా.”

ఈ హడావిడిలో ఒకటి మాత్రం అడుగునపడింది. కొలెస్ట్రాల్ మాత్ర. దాంతో కాళ్లు పీకుతాయని ఎవరో అన్నారు. చిలక వాళ్ల పిన్నికి అలాగే అయిందట. “తిండితోనే దించేస్తా,” అనుకుని ఆ మాత్రల షీటు సొరుగులో వెనక్కి తోసేసింది. బీపీ మాత్ర కూడా గుర్తొచ్చిన రోజే వేసుకునేది.

తన మీద మిగిలిన కంగారంతా చెల్లెలి మీదికి మళ్లింది. విరామం దొరికితే చాలు ఫోను. మాత్ర వేసుకున్నావా? ఏం తిన్నావు? ఆయాసం ఉందా? అచ్చం ఉద్యోగంలో మాట్లాడినట్టే, ప్రశ్న తర్వాత ప్రశ్న, జవాబు పూర్తికాకముందే ఇంకోటి.

“నేను నీ అంబులెన్సు కాలర్‌ని కాదే,” అంది చెల్లెలు ఒకరోజు, ఫోను పెట్టేసింది.

రెండు రోజులు ఫోను తీయలేదు. మూడో ఉదయం అక్క డ్యూటీ దిగి తిన్నగా వాళ్లింటికి వెళ్లింది. తలుపు చెల్లెలి కూతురు తీసింది. “స్నానాల గదిలో ఉంది,” అని ఆఫీసుకు వెళ్లిపోయింది. లోపల నీళ్ల చప్పుడు లేదు, ఫ్యాన్ మాత్రం గిరగిరా తిరుగుతోంది. తలుపు సందులోంచి వాసన వచ్చింది.

అక్క తలుపు బాదింది. “బయటికి రా.”

చెల్లెలు వచ్చింది. చేతిలో ఏమీ లేదు, ముక్కు కొస ఎర్రగా ఉంది. నెల తిరక్కుండానే భుజాలు దిగజారిపోయి మొదటిసారి అక్కలాగే కనబడింది.

“సిగ్గులేదా? చావు దాకా వెళ్లొచ్చి మళ్లీ అదేనా? ఆ పిల్ల ముఖం చూశావా?”

“చూశా. రోజూ చూస్తున్నా. నువ్వు రోజూ గుర్తు చేస్తున్నావు కూడా.”

“చెప్పకపోతే ఎవరు చెప్తారే నీకు? నేను పెద్దదాన్ని.”

“పావుగంట,” అంది చెల్లెలు. మంచం మీద కూర్చుని కాసేపు చేతులు నలుపుకుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. “నీళ్లంటే నాకెప్పుడూ భయం లేదు. పోయిన వారం కొలను దగ్గరికి వెళ్లాను, ఊరికే చూద్దామని. గట్టు మీద నిలబడితే చాలు, చెవుల్లో గుండె కొట్టుకోవడం వినపడింది. దిగలేకపోయాను. పిల్లలు చూస్తున్నారు. ఇంటికొచ్చి ఒకటి వెలిగించా. ఆ చప్పుడు ఆగింది. తప్పని తెలుసు. నాకు ఇంకో దారి తెలీదే.”

కంట్రోల్ రూమ్‌లో అయితే ఇలాంటప్పుడు చెప్పడానికి అక్క దగ్గర వాక్యాలుంటాయి. ఇక్కడ ఒక్కటీ పనికిరాలేదు.

“సరే, నా సంగతి ఇది. నీ మాత్రల షీటు ఎక్కడుంది?” అంది చెల్లెలు.

“ఏ షీటు?”

“సొరుగులో వెనక. బావ చెప్పాడు. ఒక్క మాత్ర కూడా విప్పలేదట. నన్ను గంటకోసారి లేపి అడుగుతావు, నీది నువ్వు మింగవు. నాన్నదీ నాదీ నీదీ ఒకటే రక్తమే. లెక్కప్రకారం ఇది పావుగంట ముందు నీకే రావాల్సింది. ఎలాగో తప్పించుకున్నావు. ఇంకెన్నాళ్లు తప్పించుకుంటావు?”

అక్క గదిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. కిటికీ తీసింది, మూసింది. తర్వాత చెల్లెలి పక్కన మంచం మీద చతికిలబడింది. ఎవరు ముందు మొదలెట్టారో తెలియదు గానీ ఇద్దరూ నవ్వారు, ఆ నవ్వు ఒకచోట ఏడుపైంది, ఇద్దరి గొంతూ ఒకటే కావడంతో ఎవరు ఏడుస్తున్నారో గోడకు కూడా తెలిసుండదు.

ఆ వారమే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు. అక్క కాళ్ల నొప్పుల భయం చెప్పింది.

“కొందరికి వస్తాయి. వస్తే చెప్పండి, మోతాదు మారుద్దాం, లేదంటే మందే మారుద్దాం. రాకముందే మానేస్తే ఎలా?”

చెల్లెలికి సిగరెట్లు మాన్పించడానికి చర్మానికి అంటించుకునే నికోటిన్ పట్టీలిచ్చి, వారానికోసారి మాట్లాడటానికి ఒక మనిషిని చూపించింది. నీళ్లలోకి ఎప్పుడు దిగొచ్చో, మొదట ఎంతసేపు ఉండాలో వ్యాయామం చేయించే నర్సుకు అప్పజెప్పింది. “గుండె కొట్టుకోవడం వినపడితే తప్పు కాదండీ. భయం వేరు, నొప్పి వేరు. ఆ తేడా తెలిసేదాకా ఆవిడ దగ్గరే చెయ్యండి.”

బయటికొచ్చాక చెల్లెలు మెట్ల మీద ఆగింది. “ఒక ఒప్పందం. నా సిగరెట్లూ మాత్రలూ నువ్వు చూసుకో, ఫోన్లు మాత్రం రోజుకి ఒకటే. నీ ఒళ్లు నేను చూసుకుంటా.”

“నా ఒళ్లా?”

“ఈత నేర్పిస్తా.”

అక్కకు నీళ్లంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు చెల్లెలు ఈదుతుంటే గట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చోవడమే ఆమె ఈత. అయినా ఒప్పుకుంది. నర్సు సరేనన్నాక ఒక ఉదయం పిల్లల కొలనులో, నడుంలోతు నీళ్లలో, గట్టు పక్క ఇనుప కడ్డీ రెండు చేతులా పట్టుకుని నిలబడింది. చుట్టూ ఆరేళ్ల పిల్లలు నీళ్లు చిమ్ముతూ ఆమెను వింతగా చూస్తున్నారు. చెల్లెలు గట్టు మీదే ఉండి చెబుతోంది.

“కడ్డీ వదులు. కాళ్లు తేలనీ. నీళ్లతో పోట్లాడకే.”

“నువ్వు దిగితేనే వదుల్తా.”

“నేనిక్కడ్నించి చెప్తాగా.”

“దిగితేనే.”

చెల్లెలు చాలాసేపు నీళ్ల వైపు చూసింది. తర్వాత ఒక్కో మెట్టే దిగింది. ఎప్పుడూ నెత్తి ముందుగా దూకే మనిషి, ఇప్పుడు ముసలమ్మలా కమ్మీ పట్టుకుని. ఛాతీదాకా మునిగేలా మోకాళ్లు వంచి అలాగే ఆగిపోయింది. పెదాలు పాలిపోయాయి.

అక్క కడ్డీ వదిలేసింది. తను వదిలేసినట్టు ఆమెకే తెలియలేదు. నీళ్లను తోసుకుంటూ వెళ్లి చెల్లెలి మోచెయ్యి పట్టుకుంది. “నొప్పి ఉందా?”

“లేదు. కొట్టుకుంటోంది. గట్టిగా.”

“కొట్టుకోనీ. దాని పని అది.”

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. పిల్లలు వాళ్ల చుట్టూ తిరిగి ఈదుతూ వెళ్లారు. కాసేపటికి చెల్లెలు ఊపిరి సర్దుకుంది, అక్క వైపు చూసి, “నువ్వు కడ్డీ లేకుండా నిలబడ్డావు,” అంది. అది వినగానే అక్క కేక పెట్టి మళ్లీ కడ్డీ కోసం తడుముకుంది.

ఆ తర్వాతిదంతా నున్నగా సాగిపోయిందని చెప్పడానికి లేదు. చెల్లెలు రెండుసార్లు జారి సిగరెట్ వెలిగించింది. రెండుసార్లూ తనే ఫోన్ చేసి చెప్పింది. అక్క తిట్టబోయి నాలుక కరుచుకుంది. అక్కకు కాళ్లు నిజంగానే పీకాయి. మందు మార్చారు, తగ్గాయి. ఎవరు సెలవు పెట్టినా వాళ్ల డ్యూటీ తనే చేస్తానని చెయ్యెత్తడం మానేసింది. పగటి షిఫ్టు అడిగితే సగం నెలకే ఇచ్చారు. ఆ సగం నెల నిద్ర పట్టేది, మిగతా సగం పట్టేది కాదు. ఉప్పు డబ్బా తిరిగొచ్చింది, కానీ చిన్న చెంచాతో. ఆమె భర్త ఆ చెంచాను వెలుతురుకు ఎత్తి చూసి, “ఇది చేతి గడియారం విప్పడానికి పనికొస్తుంది,” అన్నాడు. అయినా దాంతోనే వేసుకున్నాడు. బరువు కొంచెమే తగ్గింది. చక్కెర గడప దగ్గర్నించి ఒక అడుగు వెనక్కి వేసింది. బీపీ దిగింది. కొలెస్ట్రాల్ ఇద్దరికీ సగానికి పైగా పడింది. ఏ ఒక్కటీ ఊరంతా చాటుకునేంత విజయం కాదు. డాక్టరు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి మాత్రం చాలాసేపు సంతోషంగా తలాడించింది.

“అన్నీ కలిపి చూస్తే మీరిద్దరూ చాలా దూరం వచ్చారు. ఇప్పుడు అమ్మాయిని తీసుకురండి.”

ఆ మాటతో అక్కకు మళ్లీ కాలు నిలవలేదు. పిల్ల రానంది. “నాకేం? నేను సైకిల్ తొక్కుతా, సిగరెట్ ముట్టను,” అంది. ఒకప్పటి తల్లి ధీమాయే, అదే నవ్వు. అది విని చెల్లెలు ముఖం తిప్పుకోవడం అక్క చూసింది. చివరికి ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని తీసుకెళ్లారు. ఫలితం రోజున ల్యాబు బయట సన్నటి నడవాలో కవలలిద్దరూ ఎదురెదురుగా తిరుగుతూ, మధ్యలో ఎదురుపడ్డప్పుడల్లా ఒకరికొకరు దారిచ్చుకుంటూ గడిపారు. పిల్ల కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నట్టు నటించింది.

కొలెస్ట్రాల్ ఎక్కువే. వాళ్ల రక్తమే.

డాక్టరు పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. ఇప్పుడే తెలియడం మంచిదేనంది. మీ తాతగారికి ఎవరూ చెప్పలేదు, మీ అమ్మకు ఆలస్యంగా తెలిసింది, నీకు ఇరవై నాలుగుకే తెలిసింది, ఇప్పుడే మొదలెడితే జబ్బును చాలా దూరం నెట్టొచ్చు అంది. సైకిల్ మానొద్దంది. సైకిల్ ఉంది కదా అని మాత్ర మానొద్దని కూడా అంది.

వీధిలోకి వచ్చాక పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్లీ పెట్టింది.

“రోజూ వేసుకోవాలా? జీవితాంతం?”

అక్క ఏదో ఓదార్పు వెతుక్కుంటుండగా చెల్లెలే అందుకుంది.

“జీవితాంతమే. అంటే చాలా ఏళ్లన్నమాట.”

పిల్ల తల్లి వైపు ఓరగా చూసింది. నవ్వలేదు, కోప్పడనూ లేదు. కాగితం సంచిలో కుక్కి వేగంగా ముందుకు నడిచింది. పొడుగు కాళ్లు, తల్లి అంగలే. ఇద్దరూ ఆమెను అందుకోవడానికి అడుగు పెంచాల్సొచ్చింది.

“దానికి కోపం వచ్చింది,” అంది అక్క, వగరుస్తూ.

“రానీ. సాయంత్రం మాత్ర వేసుకుందా లేదా అని నువ్వు ఫోన్ చెయ్యకు.”

“ఒక్కసారే చేస్తా.”

“చెయ్యకే.”

“సరే,” అంది అక్క. కానీ నడుస్తున్నంతసేపూ ఆమె చెయ్యి సంచిలో ఫోన్ కోసం వెతుకుతూనే ఉంది.